‘రిపోర్ట్’ అనాలా, ‘ఫిర్యాదు’ అనాలా? తెలుగు యాప్‌లో ఆ ఒక్క బటన్‌కి మాట ఎంచుకోవడం

మా పిన్నికి స్మార్ట్‌ఫోన్ కొత్తేమీ కాదు. వాట్సాప్‌లో వీడియోలు పంపుతుంది, యూట్యూబ్‌లో వంటలు చూస్తుంది, చుట్టాల పిల్లల ఫొటోలకి లైకులు కొడుతుంది. ఒకరోజు ముక్కూమొహం తెలియని అకౌంట్ నుంచి ఆమెకి అసహ్యమైన బొమ్మ ఒకటి వచ్చింది. ఏం చేయాలో చెప్పమని నా పక్కన కూర్చుంది. మూడు చుక్కల మీద నొక్కమన్నాను. మెనూ తెరుచుకుంది. ‘నివేదించండి’ అన్న వరస దగ్గరికి వచ్చేసరికి వేలు గాల్లోనే ఆగిపోయింది. “ఏం నివేదించాలమ్మా? ఎవరికి?” అని అడిగింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి నేను పనిచేస్తున్న యాప్‌కి తెలుగు మాటలు రాయాల్సి వచ్చింది. అదే మెనూని కాగితం మీద గీసి, ఆ వరసలో ‘ఫిర్యాదు చేయండి’ అని రాసి పిన్నికి చూపించాను. గడగడా చదివింది, అర్థమైందంది. కానీ నొక్కమంటే మాత్రం, “ఇది నొక్కితే పోలీసులు ఇంటికి వస్తారా?” అంది. ఇంకో కాగితం మీద ‘రిపోర్ట్ చేయండి’ అని రాసిచ్చాను. “ఆ, రిపోర్ట్ కొట్టడమే కదా. మరి వాడికి తెలుస్తుందా?”

బటన్ ఒక్కటే, అది చేసే పని ఒక్కటే. మాట మారేసరికి ఆమె మనసులో మొదలైన భయం మారింది. మొదటి మాట అర్థమే కాలేదు. రెండోది అర్థమై భయపెట్టింది. మూడోది అర్థమైంది, భయపెట్టలేదు, కానీ ఒక అనుమానం మిగిల్చింది. తెలుగు యాప్‌లకి, వెబ్‌సైట్లకి ఈ బటన్ రాయాల్సిన ప్రతివాళ్ల ముందూ ఉండేవి దాదాపు ఇవే మాటలు. ఏది ఎక్కడ పనికొస్తుందో, ఏది ఎక్కడ దెబ్బతీస్తుందో నా అనుభవం మేరకు చెబుతాను.

నివేదించండి

దీన్ని మాత్రం వదిలేయమంటాను. మినహాయింపులు కూడా పెట్టను. ఇంగ్లిష్‌లో ‘రిపోర్ట్’ అన్న మాటకి నిఘంటువు తీస్తే ‘నివేదిక’ వస్తుంది. దాన్నుంచి క్రియ తయారుచేస్తే ‘నివేదించండి’ వస్తుంది. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ తెలుగువాళ్లకి నివేదన అంటే దేవుడి ముందు పెట్టేది. నైవేద్యం కూడా ఆ మాటకి చుట్టమే. లేదంటే కమిటీ ప్రభుత్వానికి ఇచ్చేది నివేదిక. రెండింట్లోనూ కిందివాళ్లు పైవాళ్లకి వినయంగా సమర్పించడమే కనిపిస్తుంది. ‘ఇక్కడ ఏదో తప్పు జరుగుతోంది, చూడండి’ అనే అర్థం మాత్రం ఎక్కడా రాదు.

పైగా ఆ మాట ఎవరి నోటా వినం. ఇంట్లో వినం, ఆఫీసులో వినం, టీవీ చర్చల్లో కూడా ‘ఆ వీడియోని నివేదించాను’ అని ఎవరూ అనరు. జనం నోట్లో లేని మాట బటన్ మీద ఉంటే, కోపంతోనో ఏడుపుతోనో ఆ మెనూ తెరిచిన మనిషి ఆగి ఆలోచించాల్సి వస్తుంది. ఆ స్థితిలో ఉన్నవాళ్లని ఒక్క క్షణం ఆపినా చాలు, ఫోన్ పక్కన పడేస్తారు. అందుకే నాకు ఈ మాట మీద అంత పట్టుదల.

ఫిర్యాదు చేయండి

పారసీ నుంచి వచ్చినా ఇప్పుడిది పూర్తిగా తెలుగు మాటే. పత్రికల్లో రోజూ కనిపిస్తుంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి అర్జీ పట్టుకుని వెళ్లే రైతుకి తెలుసు. కరెంటు పోతే 1912కి ఫోన్ చేసే గృహిణికి తెలుసు. చదువుతో, వయసుతో పనిలేకుండా అర్థమయ్యే మాట అంటే నా దృష్టిలో ఇదే ముందుంటుంది.

దీని బరువే దీని బలం, దీని ఇబ్బంది కూడా. ఫిర్యాదు అనగానే ఒక ఫిర్యాదుదారు ఉంటాడు, ఎదుటివైపు ఒక నిందితుడు ఉంటాడు, మధ్యలో స్టేషన్ ఉంటుంది. రేపు సంతకం పెట్టాలేమో, పేరు బయటికొస్తుందేమో, ఎదుటివాడు మన ఊరివాడే అయితే పెద్దమనుషుల ముందు కూర్చోవాల్సి వస్తుందేమో అనే ఆలోచనలన్నీ ఆ ఒక్క మాటతో వచ్చేస్తాయి. మా పిన్ని అడిగిన పోలీసుల ప్రశ్న వెనక ఉన్నది ఇదే. ఏదో స్పామ్ లింకు గురించి ఒక్క నొక్కు నొక్కడానికి అంత బరువు అక్కర్లేదు. అంత బరువు పెడితే స్పామ్‌ని ఎవరూ పట్టించుకోరు. ఆడపిల్లలైతే వేధింపుల విషయంలో కూడా వెనకాడతారు. ‘ఇంత చిన్నదానికి ఫిర్యాదా’ అని తమకి తామే సర్దిచెప్పుకుంటారు.

కానీ బరువు కావాల్సిన చోట దీన్ని మించిన మాట లేదు. మార్ఫింగ్ చేసిన ఫొటో, దొంగ అకౌంట్, డబ్బు మోసం లాంటివాటిలో బాధితులకి కావాల్సింది ‘నా మాట రికార్డయింది, దీనికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి’ అన్న భరోసా. ‘ఫిర్యాదు’ ఆ భరోసా ఇస్తుంది.

‘కంప్లైంట్ ఇవ్వండి’ అంటే తేలికవుతుందా అని కొందరు అడుగుతారు. నాకైతే తేడా కనిపించలేదు. ‘కంప్లైంట్ ఇచ్చాడు’ అంటే మన ఊళ్లలో ముందు గుర్తొచ్చేది స్టేషనే.

రిపోర్ట్ చేయండి

యువత నోట్లో ఇది ఎప్పుడో నలిగిపోయింది. ‘ఆ అకౌంట్‌కి అందరూ రిపోర్ట్ కొట్టండి’ అని పోస్టులు పెడుతుంటారు. లైక్ కొట్టడం, రిపోర్ట్ కొట్టడం ఒకే వరసలో చేరిపోయాయంటే ఆ మాట తెలుగులో కుదురుకున్నట్టే. దీనికి స్టేషన్ వాసన లేదు. యాప్ లోపల జరిగే పని అని అందరికీ తెలుసు. మెనూలో రోజువారీ బటన్‌కి నా ఓటు దీనికే.

అయితే ఒక ఇబ్బంది ఉంది. ‘రిపోర్ట్’ అన్న మాటకి మన దగ్గర అంతకన్నా పాత అర్థం ఒకటి ఉంది, అది రక్తపరీక్ష రిపోర్ట్. ‘రిపోర్ట్ వచ్చిందా?’ అని ఎవరైనా అడిగితే ల్యాబ్ గుర్తొస్తుంది, సోషల్ మీడియా కాదు. డాక్టర్‌తో వీడియోలో మాట్లాడే యాప్‌లోనో, ఆసుపత్రి యాప్‌లోనో ‘రిపోర్ట్’ అని ఒంటరిగా రాస్తే జనం స్కానింగ్ కాగితం కోసం దాన్ని నొక్కుతారు. బ్యాంకు యాప్‌లో లెక్కల పట్టిక అనుకుంటారు. అలాంటి యాప్‌లకి ‘ఫిర్యాదు చేయండి’ తప్ప దారి లేదు. మిగతా చోట్ల కూడా ‘చేయండి’ని వదలొద్దు. ఆ క్రియే దాన్ని కాగితం నుంచి పనిగా మారుస్తుంది.

‘రిపోర్ట్’ రాయాలా ‘రిపోర్టు’ రాయాలా అనేది ఇంకో ప్రశ్న. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కాబట్టి ‘రిపోర్టు’ మన నోటికి సహజం, పత్రికలూ చాలాకాలం అలాగే రాశాయి. రెండూ సరైనవే. యాప్ మొత్తంలో ఏదో ఒకటే ఉండాలి, అంతే. ‘పోస్ట్’ అని రాసినవాళ్లు ‘రిపోర్టు’ అని రాస్తే ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినట్టుంటుంది.

ఇంగ్లిష్ మాట ఎందుకు, అచ్చ తెలుగు మాట పుట్టించొచ్చు కదా అనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. నాకూ తెలుగంటే ప్రాణమే. కానీ కొత్త మాటని జనానికి అలవాటు చేయాలంటే నెమ్మదిగా చదువుకునే చోటు కావాలి. ఆపదలో ఉన్న మనిషి వేలి కింద ఆ ప్రయోగం చేయకూడదు.

ఇంకొన్ని మాటలు కూడా నా దగ్గరికి వచ్చాయి. ‘ఫ్లాగ్ చేయండి’ అంటే జెండా బొమ్మ తప్ప ఇంకేమీ తోచదు. ‘సమస్య చెప్పండి’ చాలా మెత్తగా ఉంటుంది గానీ, యాప్ తెరుచుకోవట్లేదని, ఓటీపీ రావట్లేదని రాసేవాళ్లంతా అక్కడికే వస్తారు. ‘అభ్యంతరం తెలపండి’ అనేది గ్రామసభ నోటీసులో మాట. తనకి నచ్చని అభిప్రాయం కనిపించినా నొక్కేయొచ్చు అనిపిస్తుంది, వచ్చిన రిపోర్టులు పరిశీలించే మోడరేటర్ల మీద భారం పెరుగుతుంది. వార్తల యాప్‌లో మాత్రం ‘తప్పు ఉంటే చెప్పండి’ అనే బటన్ వేరే పెట్టుకోవడం మంచిది. అక్కడ పాఠకుడు నేరం గురించి కాదు, పేరో తేదీయో తప్పు పడిందని చెబుతున్నాడు. పిల్లల యాప్ అయితే లెక్కే వేరు. ‘పెద్దవాళ్లకి చెప్పు’ అన్నదాన్ని మించింది నాకు ఇప్పటికీ దొరకలేదు.

రెండు తలుపులు, రెండు మాటలు

ఈ పోలికలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది. చాలా యాప్‌లలో నిజానికి ఒక తలుపు కాదు, రెండు ఉంటాయి. ఒకటి యాప్ సొంత నియమాల ప్రకారం చూసే మామూలు రిపోర్ట్. రెండోది చట్టం పెట్టమన్న ఫిర్యాదు. మన దేశంలో 2021 ఫిబ్రవరి 25న నోటిఫై అయిన ఐటీ నియమాల ప్రకారం ప్రతి ప్లాట్‌ఫామ్ ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టి, ఆ పేరు, సంప్రదించే వివరాలు అందరికీ కనిపించేలా ఉంచాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. పరిష్కారానికి కూడా గడువు ఉంది. నగ్న చిత్రాలు, మార్ఫింగ్, వేరేవాళ్ల పేరుతో నటించడం లాంటివాటికి బాధితులే ఫిర్యాదు చేస్తే ఆ గడువు ఇంకా చాలా తక్కువ. గడువులు సవరణల్లో మారుతుంటాయి కాబట్టి తెర మీద అంకె వేసేముందు మీ లాయర్‌ని ఒకసారి అడగండి. అధికారి జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవడానికి ప్రభుత్వం వేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీలు కూడా ఉన్నాయి. 2022 సవరణలతో వచ్చాయి అవి.

ఈ రెండు తలుపుల్లో ఒకటే జనానికి కనిపిస్తే ఏమవుతుందో జర్మనీ చూసింది. సోషల్ మీడియాలో చట్టవిరుద్ధమైన పోస్టుల మీద ఆ దేశం ‘నెట్జ్‌డీజీ’ అనే చట్టం తెచ్చింది. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో ఆరు నెలలకోసారి లెక్క చెప్పాలని అందులో ఉండేది. 2018 మొదటి ఆరు నెలలకి యూట్యూబ్, ట్విట్టర్ లక్షల్లో చెప్పాయి. ఫేస్‌బుక్ చెప్పింది 1,704 పోస్టుల మీద మాత్రమే. పోస్టు పక్కన అందరికీ కనిపించే రిపోర్ట్ దారి ఒకటి ఉంది, చట్టం ప్రకారం చేసే ఫిర్యాదు ఫారం మాత్రం వేరేచోట లోపల ఉంది. జనం కనిపించిన దారిలోనే వెళ్లారు, వాటిలో చాలావరకు లెక్కలోకి రాలేదు. ఆ ఫారం మరీ దాచిపెట్టినట్టు ఉందని, లెక్క అసంపూర్ణంగా ఉందని జర్మనీ న్యాయ కార్యాలయం 2019 జులైలో ఫేస్‌బుక్‌కి 20 లక్షల యూరోల జరిమానా వేసింది.

నా సలహా ఏమిటంటే, మెనూలో ‘రిపోర్ట్ చేయండి’ పెట్టండి. చట్టబద్ధమైన రెండో దారికి ‘ఫిర్యాదుల అధికారికి రాయండి’ అని పెట్టండి. రెండు మాటల బరువులూ వేరు కాబట్టి ఏ తలుపు దేనికో ఎవరూ వివరించకుండానే తెలుస్తుంది. రెండో దానిని యాప్ సెట్టింగ్స్ అడుగున పాతిపెట్టకండి. రిపోర్ట్ పంపిన తర్వాత వచ్చే తెర మీదే దానికి చోటివ్వండి.

పక్కన ఏముందో కూడా చూడండి

రిపోర్ట్ బటన్ ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. పైన ‘సేవ్’, కింద ‘బ్లాక్’, మధ్యలో ‘హైడ్’ ఉంటాయి. ఈ ‘హైడ్’ని తెలుగులో ‘దాచండి’ అని రాసిన మెనూలు చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. తెలుగులో దాచడమంటే కనపడకుండా చేయడమూ అవుతుంది, భద్రంగా ఉంచుకోవడమూ అవుతుంది. డబ్బులు దాచుకుంటాం, పాత ఉత్తరాలు దాచుకుంటాం. బూతు వీడియో కింద ‘దాచండి’ అని ఉంటే, అది నొక్కితే తన ఫోన్‌లో సేవ్ అవుతుందని భయపడేవాళ్లు ఉంటారు. వంట వీడియోని దాచుకుందామని నొక్కి, అది మాయమైపోతే బాధపడేవాళ్లూ ఉంటారు. ‘నాకు చూపించొద్దు’ అని రాస్తే ఈ గొడవే లేదు. ‘ఇలాంటివి తక్కువ చూపించండి’ అన్నది ఇంకో మెట్టు కింద. ‘బ్లాక్ చేయండి’ని అలాగే వదిలేయండి, పల్లెటూరి తాతయ్యకి కూడా అది తెలిసిన మాటే అయిపోయింది.

ఇక క్రియ చివర. ‘రిపోర్ట్ చేయి’ అని ఏకవచనంలో రాస్తే రెండు నష్టాలు. పెద్దవాళ్లని ఏకవచనంలో పిలిచినట్టుంటుంది. పైగా చేయి అంటే హస్తం కూడా. ‘చేయండి’కి చోటు ఎక్కువ పడుతుంది, నిజమే. అయినా ఆ రెండక్షరాల మర్యాద ఖరీదైంది కాదు. ఆటల యాప్‌లాగా మొదటినుంచీ ‘నువ్వు’ అని పిలిచే యాప్ అయితే ‘చెయ్’ అనొచ్చు. అప్పుడు అన్ని బటన్లూ అలాగే ఉండాలి.

కర్మని, అంటే దేన్ని రిపోర్ట్ చేయాలో చెప్పే మాటని, ముందు పెట్టాలా వద్దా అన్నదాని మీద మా ఆఫీసులో చాలాసేపు వాదించుకున్నాం. ‘ఈ పోస్ట్‌ను రిపోర్ట్ చేయండి’ అంటే స్పష్టంగానే ఉంటుంది. కానీ మెనూ మొత్తం చూడండి: ఈ పోస్ట్‌ను సేవ్ చేయండి, ఈ పోస్ట్‌ను షేర్ చేయండి, ఈ పోస్ట్‌ను రిపోర్ట్ చేయండి. మూడు వరసలూ ఒకేలా మొదలై ఒకేలా ముగుస్తున్నాయి. తేడా చూపించే మాట నడుమ ఇరుక్కుపోయింది. ఇంగ్లిష్‌లో క్రియ ముందే వస్తుంది కాబట్టి వాళ్లకి ఈ బాధ లేదు. మనకి క్రియ చివర. ఇరుకు తెర మీద ‘ఈ పోస్ట్‌ను రిపో…’ అని తెగిపోతే అసలు మాటే పోయింది. తెర మీది మాటల్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో వినేవాళ్లయితే ప్రతి వరసకీ ‘ఈ పోస్ట్‌ను’ అన్నది మళ్లీ మళ్లీ వినాలి. అందుకే మెనూలో ‘రిపోర్ట్ చేయండి’ అని పెట్టి, దేన్ని అన్నది తర్వాతి తెర శీర్షికలో ‘ఈ పోస్ట్‌లో తప్పేముంది?’ అని అడగడం మేలు. పోస్ట్‌ని, మనిషిని రెండింటినీ రిపోర్ట్ చేసే వీలుంటే మాత్రం అక్కడే తేడా చూపించక తప్పదు. అప్పుడు ‘పోస్ట్ రిపోర్ట్ చేయండి’, ‘అకౌంట్ రిపోర్ట్ చేయండి’ చాలు.

పేరు అతికించే చోట ఇంకో గుంట ఉంది. ప్రోగ్రామర్లు పేరుకి ఖాళీ వదిలి, దాని వెనక ‘ను రిపోర్ట్ చేయండి’ అని ఇస్తారు. సీత వస్తే ‘సీతను’, బాగుంది. రవి వస్తే ‘రవిను’ అయిపోతుంది, ‘రవిని’ కావాలి. వెంకటేశం వస్తే ‘వెంకటేశంను’. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే ఇంకా వికారం. మన విభక్తులు పేరు చివరి అక్షరాన్ని బట్టి మారతాయి, వాటిని మెషిన్ చేత అతికించకూడదు. పేరుని విడిగా పైన చూపించి, కింద ‘ఈ అకౌంట్‌ను రిపోర్ట్ చేయండి’ అంటే సరిపోతుంది. ‘ఇతన్ని’నా, ‘ఈమెని’నా అనే ప్రశ్న కూడా తప్పుతుంది.

కారణాల జాబితా

బటన్ సరిగ్గా కుదిరినా, తర్వాత వచ్చే కారణాల దగ్గర చాలామంది వెనక్కి తిరుగుతారు. ఇక్కడ పదాలు కాదు, వాక్యాలు రాయండి.

‘ద్వేషపూరిత ప్రసంగం’ అనే మాటనే తీసుకుందాం. ప్రసంగం అంటే మైకు ముందు నిలబడి చేసేది. పోస్టు కింద తన కులాన్ని తిడుతూ ఎవరో రాసిన రెండు ముక్కల్ని ఎవరూ ప్రసంగం అనుకోరు. తన బాధ ఆ జాబితాలో లేదనుకుని బయటికొచ్చేస్తారు. ‘కులం, మతం, ప్రాంతం పేరుతో కించపరుస్తున్నారు’ అని రాయండి. పొడవైనా సరే. ‘బుల్లీయింగ్’కి ‘బెదిరింపు’ అని రాసేవాళ్లున్నారు. రెండూ ఒకటి కావు. చంపుతానంటే బెదిరింపు. రోజూ రంగు గురించి, లావు గురించి గుచ్చితే అది ఏడిపించడం. స్కూలు పిల్లలు ‘నన్ను ఏడిపిస్తున్నారు’ అన్న వరసని వెంటనే గుర్తుపడతారు. ‘వంచన’ కన్నా ‘డబ్బు మోసం’, ‘అనుకరణ’ కన్నా ‘నా పేరుతో దొంగ అకౌంట్’, ‘నగ్నత్వం’ కన్నా ‘అసభ్యంగా ఉంది’, ‘అనుమతి లేకుండా నా ఫొటో పెట్టారు’ నయం. చివర్లో ‘ఇంకేదైనా’ తప్పకుండా ఉండాలి.

ఇది తెలుగుకే ప్రత్యేకమైన సంగతి కాదు. ఆర్టురో బేహార్ ఫేస్‌బుక్‌లో ఇంజనీరింగ్ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు ఆయన బృందం ఇదే చూసింది. జనం ఏ తప్పూ లేని మామూలు ఫొటోల మీద కూడా నగ్నత్వం అనో వేధింపు అనో రిపోర్ట్ చేసేవాళ్లు. అసలు సంగతి ఆ ఫొటోలో తాము బాగాలేకపోవడమో, పాత స్నేహితుడితో ఉండటమో. అది చెప్పుకునే వరస జాబితాలో లేదు. ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అనే తరహా కారణాలు చేర్చారు. ఒంటరి మాటగా ఉన్నదాన్ని వాక్యంగా మార్చాక ఎక్కువమంది ఎంచుకున్నారు కూడా. అదే బేహార్ 2023 నవంబర్‌లో అమెరికా సెనేట్ ముందు సాక్ష్యం చెబుతూ, తమకి ఇష్టంలేని లైంగిక ప్రస్తావనలు వస్తున్నాయని టీనేజర్లు సూటిగా చెప్పే బటన్ ఉండాలని అడిగారు. మన పిల్లలకైతే ఆ వరస ‘నాతో అసభ్యంగా మాట్లాడుతున్నారు’ అని ఉండాలి. ‘లైంగిక అభ్యర్థన’ అని రాస్తే పద్నాలుగేళ్ల అమ్మాయి దాన్ని నొక్కదు. గట్టిగా చదవడానికే సిగ్గుపడుతుంది.

కొన్ని కారణాలు ఎంచుకున్నవాళ్లకి రిపోర్ట్ కన్నా ముందు ఇంకో సాయం కావాలి. ‘డబ్బు పోయింది’ అంటే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 నంబర్ అక్కడే పెద్దగా కనిపించాలి. ఎంత తొందరగా ఫోన్ చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ‘ప్రాణం తీసుకుంటారేమోనని భయంగా ఉంది’ అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కనిపించాలి. ఈ వరసని ‘స్వీయ హాని’ అని రాయకండి. అర్ధరాత్రి స్నేహితుడి పోస్టు చూసి వణుకుతున్నవాళ్లకి ఆ రెండు మాటల్లో మనిషి కనపడడు.

నొక్కే ముందు, నొక్కాక

మా పిన్ని మూడో ప్రశ్న ‘వాడికి తెలుస్తుందా’ అన్నది. దీనికి జవాబు బటన్ పైన పట్టదు, కిందే చిన్న అక్షరాల్లో ఉండాలి: ‘మీరు రిపోర్ట్ చేసినట్టు వాళ్లకు చెప్పం.’ కుటుంబ గ్రూపుల్లో, ఊరి గ్రూపుల్లో, ఆఫీసు గ్రూపుల్లో ఈ ఒక్క వాక్యం లేకపోతే మిగతాదంతా ఎంత బాగా రాసినా దండగే. బావగారి ఫార్వర్డ్‌ని రిపోర్ట్ చేయాలంటే ఎవరికైనా ముందు వచ్చే ఆలోచన అదే. కానీ నిజం కాకపోతే రాయకండి. కాపీరైట్ ఫిర్యాదుల్లో చాలాచోట్ల ఫిర్యాదు చేసినవాళ్ల పేరు ఎదుటివాళ్లకి వెళ్తుంది. అక్కడ ‘మీ పేరు వాళ్లకు తెలుస్తుంది’ అని ముందే చెప్పాలి. రిపోర్ట్‌తో పాటు మీ కంపెనీ దగ్గరికి ఏం వస్తుందో కూడా చెప్పండి. వాట్సాప్‌లో ఒకరిని రిపోర్ట్ చేస్తే వాళ్లు పంపిన చివరి అయిదు మెసేజ్‌లు కంపెనీకి వెళ్తాయి, ఎదుటివాళ్లకి తెలియదు. ఇలాంటి సంగతి ముందే తెలిస్తే మనిషికి ధైర్యం వస్తుంది.

నిర్ధారణ అడిగే డబ్బాలో ‘సమర్పించండి’, ‘రద్దు చేయండి’ అనే జంట వద్దు. ‘రద్దు’ అంటే ఈ డబ్బా మూయడమా, ఇంతకుముందు పంపిన ఫిర్యాదుని కొట్టేయడమా? ‘పంపండి’, ‘వద్దు’ అని రాస్తే అనుమానం ఉండదు. నిజంగానే పంపినదాన్ని తీసేసుకునే వీలుంటే ‘ఫిర్యాదు వెనక్కి తీసుకోండి’ అని వేరే చోట పెట్టండి.

చోటు గురించి క్లుప్తంగా. మన వొత్తులు వరస కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లిష్ కోసం గీసిన బటన్ ఎత్తులో ‘ఫిర్యాదు’లోని యవొత్తు సగం తెగిపోతుంది. ఫోన్‌లో అక్షరాల సైజు పెంచి ఒకసారి చూసుకోండి. వేలు తగిలే చోటు, తెర కొలతల్లో చెప్పాలంటే, ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ, ఐఫోన్‌లో 44 పాయింట్లు ఉండాలని వాళ్ల మార్గదర్శకాలే చెబుతున్నాయి. జెండా బొమ్మ ఒక్కటే పెట్టి మాట ఎగ్గొట్టొద్దు. తెర మీద ‘రిపోర్ట్ చేయండి’ అని ఉంటే స్క్రీన్ రీడర్‌కి కూడా అదే ఇవ్వండి. చివర ‘బటన్’ అని మీరు చేర్చనక్కర్లేదు, టాక్‌బ్యాక్ తనే చెబుతుంది.

పంపాక వచ్చే మాట దగ్గర ‘మీ నివేదన విజయవంతంగా సమర్పించబడింది’ అని కనిపిస్తే నాకు గుండె కలుక్కుమంటుంది. ‘మీ రిపోర్ట్ మాకు అందింది. చూసి మీకు చెబుతాం’ అని రాయండి. ఎప్పట్లోగా చెబుతారో రాయగలిగితే ఇంకా మంచిది. చెప్పలేని గడువు మాత్రం రాయొద్దు.

చూశాక తొలగించకూడదని తేలితే రాసే మెసేజ్ అన్నిటికన్నా కష్టం. ‘ఉల్లంఘన కనుగొనబడలేదు’ అని వస్తే, తన బాధ అబద్ధమని తేల్చినట్టు అనిపిస్తుంది వాళ్లకి. మేం చివరికి రాసుకున్నది ఇది: ‘మీరు చెప్పిన పోస్ట్ చూశాం. మా నియమాల ప్రకారం దీన్ని తీసేయలేకపోతున్నాం. ఈ అకౌంట్ మీకు మళ్లీ కనపడకుండా బ్లాక్ చేయొచ్చు. మా నిర్ణయం సరైంది కాదనిపిస్తే ఫిర్యాదుల అధికారికి రాయండి.’ ఆ చివరి రెండు వాక్యాల కింద రెండు బటన్లు ఉన్నాయి. ఒకదాని మీద ‘బ్లాక్ చేయండి’, ఇంకోదాని మీద ‘ఫిర్యాదు రాయండి’.